నిజమైన పోపెవరు?

2025వ సంవత్సరము మే నెల 8వ తేదీని రోమాపురియందు 133 మంది కార్డినలులు కూడి, పదునాలుగవ లియో అను పేర నూతన పోపు నెన్నుకొనిరి. హైదరాబాదు అగ్రపీఠాధిపతులగు పూల అంతోని గారును ఆ సభలో నుండిరి. తెలుగువారిలో మొట్టమొదట కార్డినలు పదవి నందినవారు వీరే. అది 2022లో జరిగినది. కతోలిక లోకము లియో గారి యెన్నికను శిరసావహించెను. అయినను కతోలికులమని చెప్పుకొనువారిలోనే, ఆ పీఠము 1958 నుండియు ఖాళీగా నున్నదనియు, అటుపిమ్మట రోమునందు కూర్చుండినవారెవరును పోపులు కారనియు వాదించువారు కొందరు గలరు. వీరు నాస్తికులు కారు. ప్రాచీన లాటిను పూజను ప్రాణముగా నెంచు భక్తులు. వీరిని పరిహసించి విడిచిపెట్టుట సులభమే గాని, వీరడుగు ప్రశ్న పాతది, పెద్దది. ఒకడు పోపగుట దేనివలన? కార్డినలులు వేయు చీట్లవలననా, సంఘ మంగీకరించుటవలననా, లేక తాను బోధించు విశ్వాసము సరిగా నుండుటవలననా?

ముందుగా చీట్ల సంగతి. రోమునగర ప్రభువులును చక్రవర్తులును ఈ పదవిని తమ యిష్టానుసారముగ నొసంగిన దినములు గలవు. 1059లో రెండవ నికొలాసు పోపు, ఎన్నికయందు ముఖ్యాధికారము కార్డినలులదని శాసించెను. 1179లో మూడవ లాటరను మహాసభ, మూడింట రెండు పాళ్లవారి సమ్మతి యుండవలెనని నియమించెను. 2025లో 89 మంది సమ్మతి కావలసివచ్చిన దిందువలననే. ఎన్నికైనవాడు అదివరకే బిషపైయున్నచో, 'అంగీకరించితిని' అన్న క్షణముననే పోపగును. కిరీటము పెట్టుటవలన గాదు, ఊరేగింపువలన గాదు.

ఇంత సులభమైన నియమముండగా చిక్కెక్కడిదని విద్యార్థు లడుగవచ్చును. 1378లో జరిగినది వినుడు. పోపులు డెబ్బదేండ్లకు సమీపముగా రోమును విడిచి ఆవిన్యోను పట్టణమున వసించిరి. పదునొకండవ గ్రెగరీ పోపు మరల రోమునకు వచ్చి, 1378 మార్చి 27వ తేదీని మృతినొందెను. పదునార్గురు కార్డినలులు ఎన్నికకు కూడిరి. వారిలో పదునొకండుగురు ఫ్రెంచివారు. వెలుపల జనసమూహము, రోమువానినే యెన్నుకొనుడు, కాదేని ఇటలీవానినైన నెన్నుకొనుడని కేకలు వేయుచుండెను. ఏప్రిలు 8వ తేదీని వారు కార్డినలు కాని బారీ అగ్రపీఠాధిపతి నెన్నుకొనిరి. ఇంతలో జనులు తలుపులు విరుగగొట్టి లోపలికి రాగా, కార్డినలులు భయముచే, రోమువాడైన తెబాల్దెస్కీ అను వృద్ధ కార్డినలును పోపని చూపి తప్పించుకొనిరి. కల్లోలమణగిన పిమ్మట తామెన్నుకొన్నవానికే ఆరవ అర్బను అను పేర పట్టాభిషేకము చేసిరి; కొన్ని నెలలు ఆయనకు లోబడియుండిరి.

అర్బను కఠినుడు, కోపిష్ఠి. కార్డినలులను సభలోనే నిందించెను. వారు రోమును విడిచి, ఆగస్టు నెలలో, మేము ప్రాణభయముచే చేసిన యెన్నిక చెల్లదని ప్రకటించిరి. సెప్టెంబరు 20వ తేదీని ఫోందీ పట్టణమున ఏడవ క్లెమెంటును పోపుగా నిలిపిరి. భయముచే జరిగిన యెన్నిక చెల్లదనుట న్యాయమే. కాని భయము తీరిన పిమ్మట ఆయనకు కిరీటము పెట్టి, ఆయనయొద్ద ఉపకారములు వేడినవారు ఆ మాట యాడుట కెంతమాత్ర మర్హులు? మా మట్టుకు అర్బను ఎన్నికయే నిజమైనదని తోచుచున్నది. అయితే ఆనాటివారి కది సులభముగ తోచలేదు. సియెనా కేథరిను భక్తురాలు అర్బను పక్షమున నిలిచి పోరాడెను. విన్సెంటు ఫెర్రరు ఆవిన్యోను పక్షమున నిలిచెను. సంఘము ఇరువురిని పునీతులుగా ప్రకటించినది. దేశములు సహా చీలిపోయెను. ఫ్రాన్సు ఒకవైపు, ఇంగ్లాండు ఒకవైపు.

1409లో పీసా సభ ఇరుపక్షముల పోపులను త్రోసివేసి మరియొకని నెన్నుకొనగా, ఇద్దరు ముగ్గురైరి. 1414లో ఆరంభమైన కాన్‌స్టెన్సు మహాసభ ఇద్దరిని తొలగించెను. రోము పక్షపు పన్నెండవ గ్రెగరీ తానే పదవి విడిచెను. 1417 నవంబరు 11వ తేదీని అయిదవ మార్టిను ఎన్నికయ్యెను. ఎన్నినవారు 23 మంది కార్డినలులును, వారితోగూడ వివిధ దేశముల ప్రతినిధులు 30 మందియు. వెనుకటి నియమముతో పోల్చిన నిది వింతయైన యెన్నిక. అయినను సంఘము దాదాపుగా నంతయు మార్టిను నంగీకరించెను, వివాదము తీరెను. సంఘమంతయు శాంతముగ నొకని పోపుగా నంగీకరించుటయే అతడు నిజమైన పోపనుటకు తప్పని గురుతు అని తరువాతి వేదపండితులు వ్రాయుట కిట్టి చరిత్రయే ఆధారము.

మహాసభ తొలగించినవారిలో ఇరువదిమూడవ యోహాను అను బల్దస్సారె కోస్సా యొకడు. ఫ్లారెన్సు నగరమందలి అతని సమాధిపై 'ఒకప్పటి పోపు' అని చెక్కబడియున్నది. 1958లో రొంకల్లీ కార్డినలు పోపై అదే పేరు, అదే సంఖ్య ధరించెను. దానితో కోస్సా నిజమైన పోపుల వరుసలో లేడని తేలినది. చిత్రమేమనగా, ఇప్పటి వాదులలో పెక్కురు పీఠము ఖాళీయైనదని లెక్కించుట ఈ రెండవ యోహానుతోనే!

వీరు చీట్లను తప్పుపట్టరు, విశ్వాసమును పట్టుకొందురు. 1962 మొదలు 1965 వరకు జరిగిన రెండవ వాటికను మహాసభ మతస్వాతంత్ర్యమును గూర్చి చెప్పినదియు, 1969లో పూజాక్రమమును మార్చుటయు పూర్వబోధకు విరుద్ధమని వీరి మతము. బహిరంగముగ దుర్బోధ చేయువాడు సంఘసభ్యుడే కాడు. సభ్యుడు కానివాడు శిరస్సెట్లగును? ఇది వట్టి మాట కాదు. బహిరంగ దుర్బోధకుడగు పోపు తనంతటనే పదవి గోల్పోవునని బెల్లార్మీను కార్డినలు (1542-1621) వ్రాసియుండెను. సంఘము నిర్ణయించినగాని పదవి పోదని మరికొందరు పండితులు వాదించిరి.

మాకు కనబడు చిక్కు ఇది. దుర్బోధ యని తీర్పు చెప్పువారెవరు? హొనోరియసు పోపును ఆయన మరణానంతరము 681లో మహాసభయే ఖండించినది. అయినను ఆయన పేరు పోపుల జాబితాలో నట్లే యున్నది. ప్రతి భక్తుడును తన పుస్తకము చూచుకొని తానే తీర్పు చెప్పుకొన్నచో, పీఠము ఇంటింటికొక విధముగ నుండును. ఇంకొకటి. 1958కి పూర్వము నియమింపబడిన కార్డినలులలో నేడొక్కరును జీవించియుండలేదు. మరి క్రొత్త పోపు నెవరెన్నుకొందురు? 1990లో అమెరికాయందలి కాన్సాసులో ఆరుగురు కూడి తమలో నొకని పోపుగా నెన్నుకొనిరి. ఆ యెన్నుకొన్నవారిలో ఆయన తలిదండ్రులును నుండిరి.

ప్రాచీన పూజను ప్రేమించువారందరు నీ మార్గము పట్టలేదు. 1970లో పదవ పయసు సహవాసమును స్థాపించిన లెఫెవ్రు అగ్రపీఠాధిపతి, పోపు పోపే, ఆయన యాజ్ఞలలో విశ్వాసమునకు హాని చేయువానికి మాత్రము లోబడమనెను. 1988లో పోపు సెలవులేక నలుగురిని బిషపులుగా అభిషేకించి బహిష్కృతుడయ్యెను. ఆ నలుగురి బహిష్కారమును పదునారవ బెనెడిక్టు 2009లో తొలగించెను. ఇదే బెనెడిక్టు 2013లో పదవి విడిచినప్పుడు, విడుపు పత్రమందలి లాటిను మాట సరిపోలేదనియు, ఆయనయే యింకను పోపనియు కొందరనిరి. తన విడుపు చెల్లుబాటైనదేనని ఆయనయే మరుసటి యేట వ్రాసెను.

లాటిను పూజలో గురువు మెల్లగా చెప్పు ప్రార్థన యొకటి గలదు; అందు ఏలుచున్న పోపును పేరుపెట్టి స్మరింతురు. లెఫెవ్రు పక్షపు గుడిలో ఆ చోట నేడు లియో యను పేరు పలుకబడును. పీఠము ఖాళీ యనువారి గుడిలో అదే పుస్తకము, అదే వస్త్రములు, అదే భాష. ఆ పేరున్నచోట మాత్రము గురువు ఏమియు పలుకక ముందునకు సాగును.