ప్లగ్గు చెప్పే టైమింగ్: గుంటూరు బ్రాడీపేట మెకానిక్ అనుభవ పాఠాలు

1. ప్లగ్గు విప్పే ముందు బండి ఎలా వచ్చిందో అడగండి. బ్రాడీపేట లైన్లలో అడ్డరోడ్డు అడ్డరోడ్డుకీ ఆగుతూ వస్తే ఏ ప్లగ్గయినా మసిబారుతుంది. దాన్ని చూసి ఏమీ తేల్చకూడదు. కొత్త ప్లగ్గు బిగించి, ఊరి బయట ఖాళీ రోడ్డు మీద ఫుల్ థ్రాటిల్‌లో లాగించి, క్లచ్ నొక్కుతూనే ఇంజిన్ కట్టేయాలి. చల్లారాక అక్కడే విప్పాలి.

2. పింగాణీ రంగు పెట్రోలు సంగతి చెబుతుంది. టైమింగ్ చూడాల్సింది పక్కనుంచి వంగి వచ్చే పట్టీ మీద. ఈ తేడా తెలియక కార్బురేటర్ స్క్రూలు తిప్పుతూ పూట గడిపేవాళ్లను చూస్తే బాధేస్తుంది. పట్టీని భూతద్దంతో చూడండి. వేడికి రంగు మారిన మేరకు ఒక హద్దు కనిపిస్తుంది. అది వంపు దగ్గరుంటే టైమింగ్ దాదాపు కుదిరినట్టే. కొసనే ఆగిపోతే స్పార్క్ ఆలస్యంగా పడుతోంది, వేడంతా సైలెన్సర్ పాలవుతోంది. మర దాకా దిగిందా, అడ్వాన్స్ ఎక్కువైంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట రేగి, సిలిండర్లో ఒత్తిడీ వేడీ పెరిగి పట్టీ మొదలంటా కాలుతోందన్నమాట.

3. పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలుంటే అది నాకింగ్. వాటి మధ్య వెండిలా మెరిసేవి పిస్టన్ నుంచి ఊడిన అల్యూమినియం. ఆ బండిని ఇంకో కిలోమీటరు కూడా నడపనివ్వకండి.

4. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. అందుకే పాత పుస్తకాలు చెప్పే గోధుమరంగు ఇప్పుడు పింగాణీ మీద అంత త్వరగా రాదు, దానికోసం వెతక్కండి.

5. ప్లగ్గు చూపేది దారి మాత్రమే, తేల్చేది కొలత. పాత బుల్లెట్ 350కి కాంటాక్ట్ పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. గ్యాప్ పెరిగితే స్పార్క్ ముందుకు జరుగుతుంది, తగ్గితే వెనక్కి. అందుకే గ్యాప్ ముందు, టైమింగ్ తర్వాత. పిస్టన్ పై కొసకు 0.8 మి.మీ. ముందు పాయింట్లు విడాలి. వాటి మధ్య సిగరెట్ కాగితం పెట్టి మెల్లగా లాగుతుంటే, విడిన క్షణంలో జారి చేతికొస్తుంది.

6. మిర్చి చేలకు మందు కొట్టే పవర్ స్ప్రేయర్ స్టార్ట్ కాకపోతే అందరూ ముందు ప్లగ్గే మారుస్తారు. కానీ ఫ్లైవీల్‌ను కదలకుండా పట్టే కీ కాస్త నలిగినా టైమింగ్ తప్పుతుంది, ఎన్ని ప్లగ్గులు మార్చినా ఫలితముండదు. తామర పురుగు పట్టిన చేనును వదిలి వచ్చిన రైతుకు ప్రతి పూటా విలువైనదే. ప్లగ్గు అమ్మే ముందు ఒక్కసారి ఫ్లైవీల్ విప్పి చూడండి.