ఈ-మెయిల్ ముప్పులు: డీలర్లు, రుణగ్రహీతలు తెలిసికొనవలసిన విషయములు

కంప్యూటరుకు ముప్పు తరచుగా ఈ-మెయిల్ రూపముననే వచ్చును. ముఖ్యమైనవి మూడు.

1. వైరస్: జతపరచిన ఫైలు తెరచినంతనే లోనికి ప్రవేశించును. 2000 మే నెలలో ‘ఐ లవ్ యూ’ వైరస్ ప్రేమలేఖ పేరిట ఇట్లే దేశదేశములకు వ్యాపించినది.

2. రాన్సమ్‌వేర్: లెక్కల ఫైళ్లకు తాళము వేసి సొమ్ము కోరును. లెక్కల నకలును వేరొక డిస్కులో భద్రపరచి, కంప్యూటరు నుండి విడిగా ఉంచవలెను.

3. ఫిషింగ్: ఎరువుల కంపెనీ పేరిట ‘మా ఖాతా నంబరు మారినది, ఇకపై పైకము ఇందులో జమచేయగలరు’ అని వచ్చును. చిరునామాలో ఒక్క అక్షరమే తేడా ఉండవచ్చును. పాత బిల్లుపైనున్న నంబరుకు ఫోనుచేసి నిర్ధారించుకొనిన పిదపనే చెల్లించవలెను.

పాస్‌వర్డు, ఓటీపీ ఎవరికిని తెలుపరాదు. పైకము పోయినచో తక్షణమే 1930 నంబరుకు, మీ బ్యాంకు శాఖకు తెలియజేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము ఖాతాలు మారి, రాబట్టుట కష్టమగును.