పాస్‌వర్డ్‌ల పెట్టె: దొంగకు దొరికితే ఒక చిక్కు, యజమానికి దొరక్కపోతే మరో చిక్కు

బ్యాంకు, ఆదాయపు పన్ను, రైలు టికెట్లు, కరెంటు బిల్లు, పిల్లల స్కూలు ఫీజు, ఈమెయిల్... ఒక మామూలు కుటుంబానికి కూడా ఇప్పుడు పదుల సంఖ్యలో పాస్‌వర్డ్‌లు ఉంటున్నాయి. అన్నిటికీ ఒకటే పెట్టుకుంటే ఒకచోట బయటపడగానే మిగతా తలుపులూ తెరుచుకుంటాయి. వేర్వేరుగా పెట్టుకుంటే గుర్తుండవు. ఈ చిక్కును తీర్చడానికి వచ్చినవే పాస్‌వర్డ్ మేనేజర్లు. ఇవి పాస్‌వర్డ్‌లన్నిటినీ ఒక ఫైలులో చేర్చి, దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే గుప్తలిపిలోకి మార్చి, ఒకే ఒక్క మాస్టర్ పాస్‌వర్డ్‌తో తెరుచుకునేలా చేస్తాయి. 2003లో మొదలైన కీపాస్ వీటిలో బాగా తెలిసినది. అది ఉచితం. ఫైలు వాడేవారి కంప్యూటర్‌లోనే ఉంటుంది. కాబట్టి దాని నకళ్లు ఎన్ని ఉండాలి, ఎక్కడ ఉండాలి అన్న బాధ్యత కూడా వాడేవారిదే. చాలామంది తడబడేది ఇక్కడే.

ముందుగా తాళం సంగతి. ఇలాంటి ఫైళ్లకు ఎక్కువగా వాడే ఏఈఎస్ పద్ధతిని బెల్జియం శాస్త్రవేత్తలు యోవాన్ డామన్, విన్సెంట్ రైమన్ రూపొందించారు. అమెరికా ప్రమాణాల సంస్థ 2001లో దాన్ని ప్రమాణంగా ప్రకటించింది. 256 బిట్ల తాళంచెవికి ఉండగల రూపాల సంఖ్యను రాస్తే 78 అంకెలు వస్తాయి. వాటన్నిటినీ ఒక్కొక్కటిగా ప్రయత్నించి తెరవాలని ఏ దొంగా కూర్చోడు. అతను ఊహించేది మాస్టర్ పాస్‌వర్డ్‌ను.

ఇంగ్లీషు చిన్న అక్షరాలు ఎనిమిదితో చేసిన పాస్‌వర్డ్‌లు మొత్తం దాదాపు 20,900 కోట్లు. సెకనుకు 1,000 కోట్లు ప్రయత్నించే యంత్రానికి ఇది 21 సెకన్ల పని. అందుకే పాస్‌వర్డ్ మేనేజర్లు కావాలనే నెమ్మదిగా నడిచే లెక్కను మధ్యలో పెడతాయి. 2015లో పాస్‌వర్డ్ హ్యాషింగ్ పోటీలో గెలిచిన ఆర్గాన్2 అలాంటిది. ప్రతి ప్రయత్నానికీ చాలా మెమరీ ఖర్చయ్యేలా చేయడం దీని ప్రత్యేకత. ఒక్కో ప్రయత్నానికి ఒక సెకను పడితే, పై 21 సెకన్ల పని ఒక యంత్రం మీద 6,600 ఏళ్లవుతుంది. అయితే ఈ లెక్క అక్షరాలను గుడ్డిగా ఎంచుకున్నప్పుడే నిజం. కొడుకు పేరు, పుట్టిన సంవత్సరం కలిపిన పాస్‌వర్డ్ దొంగ జాబితాలో మొదట్లోనే ఉంటుంది.

దీనికి పాతదే అయినా మంచి ఉపాయం పాచికలు. 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ ప్రతిపాదించిన డైస్‌వేర్ పద్ధతిలో, పాచికను అయిదుసార్లు వేస్తే 7,776 మాటల జాబితాలోంచి ఒక మాట వస్తుంది. అలా ఆరు మాటలు తీస్తే వచ్చే కూర్పులు 22 పక్కన 22 సున్నాలు పెట్టినన్ని. తెలుగు మాటలతోనూ జాబితా చేసుకోవచ్చు, కానీ ఒక జాగ్రత్త కావాలి. ‘తలుపు’ను ఇంగ్లీషు అక్షరాల్లో రాసినప్పుడు ‘టి’ పక్కన ‘హెచ్’ పెట్టారో లేదో అయిదేళ్ల తర్వాత గుర్తుండదు. ఆ ఒక్క అక్షరం తేడా వచ్చినా పెట్టె తెరుచుకోదు.

గట్టి మాస్టర్ పాస్‌వర్డ్ ఉంటే ఫైలు దొంగ చేతికి చిక్కినా వెంటనే కొంప మునగదు. 2022లో లాస్ట్‌పాస్ అనే సంస్థ దాచిన వినియోగదారుల పెట్టెల బ్యాకప్ నకళ్లను దుండగులు ఎత్తుకుపోయారు. లోపలి పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్షన్‌లోనే ఉన్నాయి, వెబ్‌సైట్ల చిరునామాలు మాత్రం బాహాటంగా ఉన్నాయి. అక్కడ చాలామందికి తట్టని విషయం ఒకటుంది. మాస్టర్ పాస్‌వర్డ్‌ను తర్వాత మార్చుకున్నా, పోయిన నకలుకు పాత తాళమే ఉంటుంది. అది బలహీనమైనదైతే లోపలున్న పాస్‌వర్డ్‌లను ఒక్కొక్కటిగా మార్చుకోవడం తప్ప దారి లేదు.

ఇక రెండో వైపు, అంటే ఫైలు పోవడం. దీని గురించి ఆలోచించేవారు తక్కువ. మామూలు ఉత్తరంలో నాలుగు అక్షరాలు చెరిగితే మిగతాది చదువుకోవచ్చు. ఎన్‌క్రిప్ట్ అయిన ఫైలు అలా కాదు. తెరవడానికి అవసరమైన యాదృచ్ఛిక సంఖ్య ఒకటి దాని తలభాగంలోనే ఉంటుంది. ఆ కొన్ని బైట్లు చెడితే సరైన మాస్టర్ పాస్‌వర్డ్ ఇచ్చినా లాభం లేదు. ‘పాస్‌వర్డ్ మరిచిపోయారా’ అని అడిగే బటన్ కూడా ఇక్కడ ఉండదు. మరో దారిలో తెరిచే వీలు లేకపోవడమే కదా ఈ తాళం గొప్ప.

క్లౌడ్‌లో సింక్ అవుతోంది కదా అన్న ధీమా చాలదు. సింక్ అంటే అన్నిచోట్లా ఒకేలా ఉంచడం. పొరపాటున ఒకచోట చెరిపితే అన్నిచోట్లా చెరిగిపోతుంది. పాత రూపాలను కొంతకాలం అట్టేపెట్టే సదుపాయం ఉంటే కొంత నయం. కంప్యూటర్‌కు ఎప్పుడూ తగిలించి ఉంచిన హార్డ్‌డిస్క్‌ను రాన్సమ్‌వేర్ కూడా కంప్యూటర్‌తో పాటే కబళిస్తుంది. పెన్‌డ్రైవ్‌లో సమాచారం విద్యుదావేశంగా నిలుస్తుంది, ఏళ్ల తరబడి బీరువాలో పడి ఉంటే ఆ ఆవేశం మెల్లగా కారిపోవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేల ఇళ్లలోకి నీళ్లు చేరినప్పుడు, ఒకే గదిలో ఉంచిన ల్యాప్‌టాప్, దాని బ్యాకప్ రెండూ ఒకే నీళ్లలో మునిగే పరిస్థితి వచ్చింది. మూడు నకళ్లు, రెండు రకాల సాధనాలు, అందులో ఒకటి వేరే ఊళ్లోనో వేరే ఇంట్లోనో అన్న పాత సూత్రం ఇక్కడ బాగా పనికొస్తుంది. ఫైలు సాధారణంగా ఒక ఫొటో కన్నా చిన్నది, కాబట్టి ఖర్చు సాకు కాదు.

నకలు తీసేటప్పుడు జరిగే పొరపాటు ఇంకొకటుంది. ‘ఎక్స్‌పోర్ట్’ నొక్కితే వచ్చే సీఎస్‌వీ ఫైలుకు ఏ తాళమూ ఉండదు. అది డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడి ఉంటే ఇంత ఏర్పాటూ వృథా. కాపీ చేయాల్సింది ఎన్‌క్రిప్ట్ అయిన అసలు ఫైలునే.

కొందరు మాస్టర్ పాస్‌వర్డ్‌తో పాటు కీ ఫైలు అనే రెండో తాళంచెవిని కూడా వాడతారు. ఏదైనా ఫొటోను అలా వాడుకోవచ్చని కీపాస్ అనుమతిస్తుంది, కానీ వాడకపోవడమే మంచిది. ఆ ఫొటోను వాట్సాప్‌లో పంపి దాచుకుంటే, యాప్ దాన్ని కుదిస్తుంది. కంటికి అదే బొమ్మ, బైట్లు మాత్రం వేరు, పెట్టె తెరుచుకోదు. ప్రోగ్రామే తయారుచేసి ఇచ్చే కీ ఫైలును వాడి, దాన్ని పెట్టెతో పాటు కాకుండా వేరేచోట భద్రపరచాలి.

అన్నిటికన్నా మోసపుచ్చేది చుట్టూ తిరిగే ముడి. బ్యాకప్ క్లౌడ్‌లో ఉంది, క్లౌడ్ పాస్‌వర్డ్ పెట్టెలో ఉంది, లాగిన్‌కు వచ్చే ఓటీపీ పోయిన ఫోనుకు వెళ్తుంది. బీరువాలో తాళంచెవి పెట్టి బీరువా మూసేసినట్టే. అందుకే క్లౌడ్ ఖాతా రికవరీ కోడ్‌లు, మాస్టర్ పాస్‌వర్డ్ కాగితం మీద ఉండాలి. కాగితమా అని ముఖం చిట్లించేవారుంటారు. కానీ ఎక్కడో కూర్చున్న దొంగకు ఇంట్లో బీరువా అందదు. అతికించిన కవరులో, బ్యాంకు లాకరులోనో నమ్మకమైన తోబుట్టువు దగ్గరో ఉంటే, ఇంటి పెద్దకు ఏదైనా జరిగిన రోజున బీమా పాలసీ, డిపాజిట్ల ఆచూకీ భార్యాపిల్లలకు దొరుకుతుంది. ఒక్కరినే నమ్మడం ఇష్టం లేకపోతే, రహస్యాన్ని ముక్కలు చేసి అయిదుగురిలో ఏ ముగ్గురు కలిసినా తిరిగి వచ్చేలా పంచే పద్ధతిని ఆది షమీర్ 1979లోనే చూపారు. మామూలు కుటుంబానికి కవరు చాలు.

ఇదంతా పనిచేస్తుందో లేదో తేల్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. ఫోను, ల్యాప్‌టాప్ రెండూ పోయాయనుకుని పక్కన పెట్టి, ఇంట్లో వారి కంప్యూటర్ ముందు కూర్చోవాలి. తలలో ఉన్నదీ కాగితం మీద ఉన్నదీ మాత్రమే వాడి బ్యాకప్‌ను తెచ్చుకుని తెరవాలి, ఈమధ్య చేర్చిన ఖాతా అందులో ఉందో లేదో చూడాలి. మాస్టర్ పాస్‌వర్డ్ మార్చిన రోజునా ఇదే పని. కొత్త నకళ్లు తెరుచుకున్నాయని చూసుకున్నాకే పాతవి చెరిపి, కవరులోని పాత కాగితాన్ని కాల్చేయవచ్చు.