పొద్దు తప్పిన దేహం

పల్నాటి నుండి సముద్రతీరం వరకు వ్యాపించిన గుంటూరు, ప్రకాశం నల్లరేగడి భూములలో రైతు దినచర్యను నిర్ణయించేది సూర్యుడే. కోడికూతతో మేల్కొనడం, ఎండ ముదరకముందే మిరప కోతకో పత్తి తీతకో చేలోకి వెళ్ళడం, పొద్దుగూకే వేళకు ఇల్లు చేరడం తరతరాల అలవాటు. కల్లంలో ఎండుమిరపకు కాపలాగా పడుకొన్నవాడు సైతం వేగుచుక్క పొడిచే వేళకు తనంతట తానే లేస్తాడు. చేతికి గడియారం లేకున్నా వేళ తప్పని ఈ నేర్పు అతనికి ఎక్కడిది?

మెదడులోని హైపోథాలమస్ అనే భాగంలో సుమారు ఇరవైవేల నాడీకణాల చిన్న గుంపు ఉన్నది. కంటిపై పడే వెలుతురును అనుసరించి అది నిద్రను, దేహపు వేడిని, రక్తపోటును, హార్మోనులను రేయింబవళ్ళకు తగినట్లు నడుపుతుంది. దీనినే జీవగడియారం అంటారు. చీకటి పడిన పిమ్మట మెలటోనిన్ అనే హార్మోను స్రవించి దేహాన్ని నిద్రకు సిద్ధం చేయడం దీని ఆజ్ఞవల్లనే. ఈ గడియారం కణాలలో నడిచే తీరును ఈగలపై పరిశోధించి వెల్లడించిన జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ గడియారాన్ని తప్పుదారి పట్టించే వ్యాధులలో పార్కిన్సన్ వ్యాధి ఒకటి. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో దీనిని వర్ణించాడు. ఆయుర్వేదంలో చెప్పిన కంపవాతం లక్షణాలు దీనికి దగ్గరగా ఉంటాయి. మెదడులో డోపమైన్‌ను తయారుచేసే కణాలు క్రమంగా నశించడం వల్ల చేయి వణకుతుంది, కండరాలు బిగుసుకొంటాయి, నడక మందగిస్తుంది. పారాక్వాట్ వంటి కలుపుమందులకు, కొన్ని పురుగుమందులకు ఏళ్ళ తరబడి గురైనవారిలో ఈ వ్యాధి హెచ్చుగా కనిపిస్తున్నదని పలు అధ్యయనాలు తెలిపాయి. ఒక వ్యక్తికి ఫలానా మందు వల్లనే వ్యాధి వచ్చిందని చెప్పడం సాధ్యం కాదు. అయినా పత్తికి, మిరపకు పదేపదే మందు కొట్టే ఈ ప్రాంతం పట్టించుకోవలసిన మాట ఇది.

వణుకు నలుగురి కంటా పడుతుంది. కుంగుబాటు పడదు. ఈ వ్యాధిలో ముఖకండరాలు బిగుసుకొని ముఖం భావశూన్యమవుతుంది గనుక రోగి దుఃఖిస్తున్నాడో లేదో ఇంటివారికే అర్థం కాదు. వ్యాధి వచ్చిందన్న దిగులే దీనికి కారణమనుకోవడం పొరపాటు. కొందరిలో వణుకు కంటే ఏళ్ళ ముందే కుంగుబాటు మొదలవుతుంది. మెదడులోని రసాయనాల లోటు కూడా దీనికి మూలమే. 1987-88లో తెల్లదోమ పత్తిని నాశనం చేసినప్పుడు ఈ జిల్లాలలో రైతులు ప్రాణాలు తీసుకొన్నారు. పంట పోయిన దుఃఖమంటే ఏమిటో ఇక్కడివారికి ఒకరు చెప్పనక్కరలేదు. పంట బాగున్న ఇంట్లో పెద్దాయన మౌనంగా గోడవైపు తిరిగి పడుకొంటే మాత్రం అది ముసలితనమని సరిపెట్టుకొంటారు.

పార్కిన్సన్ రోగులలో మెలటోనిన్ రాత్రింబవళ్ళ హెచ్చుతగ్గులు మందగిస్తాయి. రాత్రి నిద్ర ముక్కలవుతుంది, పగలు కునుకు పట్టుకొంటుంది. పైగా చేనికి వెళ్ళలేక ఇంటి లోపలి గదికి పరిమితమైన రైతుకు జీవగడియారాన్ని సరిదిద్దే ఉదయపు వెలుగు కూడా కరవవుతుంది. నిద్రలేమి కుంగుబాటును పెంచుతుంది, కుంగుబాటు నిద్రను మరింత చెడగొడుతుంది. లెవోడోపా మందు ప్రభావం తగ్గే గంటలలో కొందరికి కాళ్ళతోపాటు మనసు కూడా బిగుసుకొంటుంది. “పొద్దున బాగానే ఉన్నాడు, ఇప్పుడు నటిస్తున్నాడు” అనడం అందుకే అన్యాయం.

మన చేలగట్ల మీద, కంచెల మీద పెరిగే దూలగొండి గింజలలో ఈ లెవోడోపా ఉన్నది. దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు 1937లో మద్రాసులో దానిని వేరుచేశారు. అయితే గింజకూ గింజకూ మోతాదు మారుతుంది కాబట్టి సొంత వైద్యం ప్రమాదకరం. మాత్రను భోజనానికి అరగంట ముందు వేసుకోవడం మేలు. పప్పు, పాలు వంటి మాంసకృత్తుల ఆహారంతో కలిస్తే అది రక్తంలోకి సరిగా చేరదు. వెలుతురు చికిత్స వల్ల నిద్ర మెరుగుపడినట్లు కొన్ని అధ్యయనాలలో తేలింది గాని, కుంగుబాటు విషయంలో ఫలితాలు ఒకే తీరుగా లేవు. కాబట్టి ఉదయం అరుగు మీద కూర్చోబెట్టడంతో సరిపుచ్చక వైద్యుని సంప్రదించాలి. 2022లో ప్రారంభమైన టెలిమానస్ వారిని 14416 నంబరులో తెలుగులోనే సంప్రదించవచ్చు. నిద్రపోయిన వేళ, మందు వేసుకొన్న వేళ, మనసు కుంగిన వేళ వారం రోజులపాటు ఒక కాగితం మీద రాసి తీసుకువెళితే, వణుకుతున్న చేతిని చూసి తెలుసుకోలేనిది వైద్యుడు ఆ కాగితం చూసి తెలుసుకోగలడు.