లింకు చేత్తో రాయొద్దు, అడిగి తీసుకో

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకూ, గండికోట చూడవచ్చేవాళ్లకు రూములిచ్చే జమ్మలమడుగు లాడ్జీలకూ వెబ్‌సైట్లు చేసే పిల్లలు ఇప్పుడు మన ఊళ్లలోనే ఉన్నారు. 2006లో మొదలైన పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలో చదివి వచ్చినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. చురుకైన పిల్లలు. ఎక్కువమంది తడబడేది లింకుల దగ్గరే. అందుకే ఈ ఆరు మాటలు రాస్తున్నాను.

1. లింకును టెంప్లేటులో చేత్తో కొట్టొద్దు నాయనా. పైథాన్ ఫ్రేమ్‌వర్కు జాంగోలో ప్రతి రూటుకూ ఒక పేరు పెట్టుకోవచ్చు. టెంప్లేటులో యూఆర్‌ఎల్ ట్యాగ్‌కూ, పైథాన్‌లో రివర్స్ ఫంక్షన్‌కూ ఆ పేరిస్తే దారి అవే కట్టిస్తాయి. ఫ్లాస్క్‌లో యూఆర్‌ఎల్-ఫర్, లారవెల్‌లో రూట్ చేసేది కూడా ఇదే పని. దారి ఒక్కచోటే రాసి ఉంటుంది, మిగతా అంతటా పేరే వాడతాం. దీనివల్ల ఇంకో మేలుంది. పేరు తప్పు కొడితే నోరివర్స్‌మ్యాచ్ అంటూ నీ మిషన్ మీదే ఆగిపోతుంది. చేత్తో రాసిన లింకు తప్పయితే ఆపేవాళ్లుండరు, గిరాకీకి 404 కనబడినాకే తెలుస్తుంది.

2. తెలుగు పేరును లింకులో పెట్టే స్లగ్‌గా మార్చేటప్పుడు కళ్లు పెట్టుకుని చూడు. జాంగో స్లగిఫై ఫంక్షన్‌ను మామూలుగా పిలిస్తే తెలుగు అక్షరం ఒక్కటీ మిగలదు, ఖాళీ వస్తుంది. యూనికోడ్‌ను అనుమతించమని చెబితే ఇంకో అన్యాయం. పైథాన్ లెక్కలో గుణింతపు గుర్తులు అక్షరాలు కావు. అందుకని "పులివెందుల" కాస్తా "పలవదల" అవుతుంది, "ప్రొద్దుటూరు" "పరదదటర" అవుతుంది. ఊరి పేరు ఇట్లా గుర్తుపట్టలేకుండా అయితే నాకు మనసొప్పదు. లింకులో తెలుగే కావాలంటే గుణింతాలనూ సున్ననూ ఉంచే స్లగ్ ఫంక్షన్ నువ్వే రాసుకో, పది వరసలు కూడా పట్టదు.

అంతటితో అయిపోలేదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు, లింకులో ఒక్కో బైటుకు మూడు అక్షరాలు. "ప" ఒక్కటే %ఈ0%బీ0%ఏఏ అవుతుంది. "ప్రొద్దుటూరు"లో గుర్తులు 12, లింకులో అది 108 అక్షరాలు. వాట్సాప్‌లో పంపితే చీమల బారులా కనబడుతుంది, ముసలివాళ్లు దాన్ని చూసి మోసమేమోనని భయపడతారు. అందుకే లింకులో ఇంగ్లిషు అక్షరాలే వాడమంటాను. పేజీ మీద మాత్రం తెలుగు నిండుగా ఉండాలి.

3. మారే పేరును దారిలో పెట్టొద్దు. మన కడప జిల్లానే చూడు. 2005లో ఇంగ్లిషు స్పెల్లింగు మారింది, 2010లో వైఎస్సార్ జిల్లా అయింది, 2025లో వైఎస్సార్ కడప అయింది. జిల్లా పేరుతో లింకులు కట్టి ఉంటే మూడుసార్లు విప్పి కట్టాల్సి వచ్చేది. ఊరి పేరొక్కటే పెట్టినా చాలదు. జమ్మలమడుగు పక్కన మైలవరం ఉంది, విజయవాడ దిక్కునా ఒక మైలవరం ఉంది. డేటాబేసు నంబరు ముందు పెట్టు, పేరు వెనక పెట్టు. వెతకడం మాత్రం నంబరుతోనే.

4. లింకులో ప్రశ్న గుర్తు తర్వాత వచ్చే క్వెరీని ప్లస్ గుర్తుతో అతికించొద్దు. అంగడి బోర్డు మీద "అండ్ సన్స్" అని ఆంపర్‌శాండ్ ఉంటుంది కదా, లింకులో అది పడగానే పేరు సగానికి తెగిపోతుంది. పైథాన్‌లో యూఆర్‌ఎల్‌ఎన్‌కోడ్ ఉంది. జాంగో 5.2 నుంచి రివర్స్‌కే క్వెరీ ఇవ్వొచ్చు.

5. సైట్ లోపలి లింకుకు దారి చాలు. ఎస్సెమ్మెస్‌కు, మెయిలుకు, బిల్లు మీది క్యూఆర్‌కు డొమైన్‌తో సహా పూర్తి అడ్రస్ కావాలి. రాత్రిపూట క్రాన్‌లో నడిచే ప్రోగ్రాముకు రిక్వెస్ట్ ఉండదు, కాబట్టి డొమైన్‌ను సెట్టింగ్స్‌లో రాసిపెట్టు. ఇంజిన్‌ఎక్స్ వెనక యాప్ నడుస్తుంటే వచ్చింది హెచ్‌టీటీపీఎస్ అని యాప్‌కు తెలియదు, ఆ సంగతి చెప్పే హెడర్ ఇంజిన్‌ఎక్స్ నుంచి పంపించి, దాన్ని నమ్మమని జాంగోకు చెప్పాలి. పాస్‌వర్డ్ మార్చుకునే లింకుంటే అలౌడ్ హోస్ట్స్‌లో నక్షత్రం గుర్తు అస్సలు పెట్టొద్దు. దొంగ హోస్ట్ పేరుతో రిక్వెస్ట్ పంపినవాడు ఆ లింకును తన సైటుకు మళ్లించుకుంటాడు.

6. దారి మార్చక తప్పకపోతే పాతదాన్ని 301తో కొత్తదానికి మళ్లించు. మంచి చిరునామాలు మారవని వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే రాశాడు. దసరాకు అచ్చేసిన పాంప్లెట్ మీది క్యూఆర్‌ను ఎవరూ దిద్దలేరు. అచ్చుకు పోయిన ప్రతి లింకునూ ఒక ఫైలులో రాసిపెట్టుకుని, కొత్త కోడ్ ఎక్కించే ప్రతిసారీ అవన్నీ తెరుచుకుంటున్నాయో లేదో టెస్టుతో చూపించు.