మన అన్నపు మూట – అడవి మృగములు

(పాఠ్యభాగములు: ఆదికాండము 1:29–30, కీర్తన 104:20–23)



వేసవి సెలవులు వచ్చినప్పుడు మన సంఘములలోని యౌవనస్థులు నలుగురైదుగురు స్నేహితులు కూడి, జీపులలోను మోటారు సైకిళ్ళమీదను బాట లేని చోట్లకు పోయి, చెట్ల క్రింద డేరా వేసికొని, ఒకటి రెండు రాత్రులు గడపి వచ్చుట ఇప్పుడు వాడుకయైనది. ఇందులో దోషమేమియు లేదు. కొండను, ఏటిని, నక్షత్రములను చూచుట మనస్సుకు మంచిదే. అయితే అట్లు వెళ్ళినవారు తిరిగి వచ్చి చెప్పు సంగతులలో ఒకటి తరచుగా వినబడుచున్నది. కోతులు అరటిపండ్లన్నియు ఎత్తుకొనిపోయినవట. రాత్రి అడవిపందులు వచ్చి బియ్యపు సంచి చింపివేసినవట. చెప్పువారు నవ్వుచు చెప్పుదురు, వినువారును నవ్వుదురు. ఆ నవ్వు వెనుక నున్న సంగతిని ఈ నెల పాఠములో ఆలోచింతము. డేరాలో పోయినది ఒక పూట కూడు మాత్రమే. కాని ఆ కూటి రుచి మరగిన మృగము, డేరా ఎత్తివేసిన తరువాత ఎవరి గుమ్మము తొక్కును?

1. రెండు విస్తళ్ళు

ఆదికాండము మొదటి అధ్యాయములో ఒక వచనము నరునికి ఇయ్యబడిన ఆహారమునుగూర్చియు, దాని వెంటనే వచ్చు వచనము జంతువులకు ఇయ్యబడిన ఆహారమునుగూర్చియు చెప్పుచున్నవి. వడ్డించినవాడు ఒక్కడే, విస్తళ్ళు మాత్రము రెండు. 104వ కీర్తనకారుడు చోటుతో కూడ వేళను కలిపి చెప్పుచున్నాడు. చీకటి పడిన తరువాత మృగములు తిరుగు వేళ. తెల్లవారినప్పుడు అవి తమ తావులకు పోవును, మనుష్యుడు తన పనికి బయలుదేరును. ఈ ఏర్పాటులో ఎవరి కూడు వారికున్నది, ఎవరి వేళ వారికున్నది.

అడవిలో రాత్రి బస చేయువాడు ఏమి చేయుచున్నాడు? మృగముల తావునకు, మృగముల వేళయందు, మనుష్యుల విస్తరిని మోసికొని పోవుచున్నాడు. అట్టివాడు తన విస్తరిని తానే కాచుకొనవలెను. కోతిమీద నేరము మోపుట తగదు.

నిర్గమకాండము 23:11లో ఏడవ యేట బీడు విడిచిన పొలములో బీదలు తినగా మిగిలినది అడవి మృగములకు విడువవలెనని యున్నది గదా, అయితే వాటికి పెట్టుట పుణ్యము కాదా అని కొందరు అడుగుదురు. ఆ వచనమును జాగ్రత్తగా చదువుడి. అక్కడ విడువబడినది నేల తనంతట తాను మొలిపించిన పంట. వండిన అన్నమును, రొట్టెను, బిస్కెట్లను చేతితో అందించుమని అక్కడ లేదు. పొలము విడుచుట ఒకటి, రుచి మప్పుట మరియొకటి.

2. మన ప్రక్కనున్న అడవి

వెంకటగిరికోట వాసులమైన మనకు ఇది దూరపు సంగతి కాదు. పలమనేరు, కుప్పము ప్రాంతముల కొండలలో వ్యాపించియున్న కౌండిన్య అభయారణ్యము 1990లో ఏర్పడినది. పాలారుకు ఉపనదులైన కౌండిన్య, కైగల్ అను ఏరులు ఆ అడవిలో పారుచున్నవి. అక్కడ ఎలుగుబంట్లు, చిరుతలు, అడవిపందులు, ముళ్ళపందులు, జింకలు, దుప్పులు, కోతులు కలవు. అన్నిటికంటె ముఖ్యముగా ఏనుగులు కలవు. బహుకాలము ఈ ప్రాంతమున ఏనుగులు లేకుండెను. 1980ల మధ్యభాగమున కర్ణాటక, తమిళనాడుల అడవులనుండి గుంపులు ఇటు వచ్చి నిలిచినవి. వాటి నిమిత్తమే ఈ అభయారణ్యము ఏర్పరచబడినది.

పెరిగిన ఏనుగుకు దినమునకు సుమారు 150 కిలోల మేత కావలెను. అడవిలో ఆ మేతకై అది దినములో ఎక్కువ భాగము నడుచుచు నములుచు గడపును. అడవి అంచున మన చెరకు, వరి, రాగి, అరటి, మామిడి, టమోటా తోటలున్నవి. ఒక్క రాత్రి ఒక్క మడిలో దాని కడుపు నిండును. ఆ రైతు యేడాది కష్టము తీరిపోవును. ఈ పోరులో మనుష్యులును చనిపోయిరి, ఏనుగులును చనిపోయినవి. కందకములు త్రవ్విరి, సౌరశక్తితో పనిచేయు కంచెలు వేసిరి. 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వము శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను మన రాష్ట్రమునకు అప్పగించగా, పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరము ఏర్పడినది. ఇంత ప్రయాస అంతయు ఎందుకు? మృగమును మనుష్యుని కూటినుండి దూరముగా ఉంచుటకే. ఇట్టి చోట మనము సరదాకై వెళ్ళి ఆ కూటిని దాని ముందర పరచి వచ్చినయెడల, ఒకరు కట్టుచున్న గోడను మరియొకరు పడద్రోసినట్లు కాదా?

3. మృగము నేర్చుకొను విధము

మృగమునకు మన మూటమీద పగ లేదు, ఆశ మాత్రమే కలదు. అడవిలో కోతి పూట పూటయు ఆకులు, కాయలు, పురుగులు ఏరుకొని తినవలెను. మన సంచిలోని బెల్లపు ముక్క, అరటిపండు, అన్నపు ముద్ద దానికి నిమిషములో అంత బలమిచ్చును. ఒకసారి దొరికినయెడల రెండవసారి అక్కడనే వెదకును. తల్లి వెదకుట చూచి పిల్లయు నేర్చుకొనును. మనము బడిలో అక్షరములు నేర్పినట్లు, తెలియకయే మనము వాటికి దొంగతనము నేర్పుచున్నాము.

ఏనుగునకు వాసన పట్టు శక్తి మహా గొప్పది. వాసనను గుర్తించుటకు పనికివచ్చు జీనులు ఆఫ్రికా ఏనుగులో సుమారు 2000 ఉన్నవని, అవి కుక్కకున్నవాటికి రెండింతలకంటె ఎక్కువని 2014లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. గోడకు ఆవల దాచిన బియ్యము, ఉప్పు, బెల్లము, పులిసిన సారాయి ఏనుగు తొండమునకు దాగవు. గుడ్డ డేరా ఏపాటి?

4. మా ఎరుకలోని ఒక సంగతి

కొన్ని యేండ్ల క్రిందట కొందరు పిల్లలు జీపు వేసికొని, బండ్ల బాటకూడ ముగిసిన చోట, అడవి అంచునున్న ఒక మామిడితోపు ప్రక్కన డేరా వేసిరి. మొదటి దినము కోతులు రాగా వారికి వేడుక కలిగెను. శెనక్కాయలు, బిస్కెట్లు చేతితో అందించి ఫొటోలు తీసికొనిరి. రెండవ దినము కోతులు అడుగలేదు. డేరాలో దూరి అరటిగెలను, రొట్టెలను ఈడ్చుకొనిపోయినవి. సంచి వదలని ఒక పిల్లవానికి చేయి రక్కినవి. ఆ రాత్రి పొయ్యి ప్రక్కన పారబోసిన మెతుకుల వాసనకు అడవిపందులు వచ్చి, కుండలను దొర్లించి, మిగిలిన బియ్యమును మట్టిపాలు చేసినవి. తెల్లవారగానే పిల్లలు ఆకలితో ఇంటికి తిరిగిరి. రక్కిన గాయమునకు కుక్కకాటుకు వేయు సూదులే వేయవలసివచ్చెను.

వారికి అంతటితో సరిపోయెను. తరువాత ఒక నెలకు ఆ తోపు కావలి కాయు విధవరాలిని చూడ మేము వెళ్ళినప్పుడు ఆమె చెప్పిన మాట ఇది: "అయ్యగారూ, ముందరంతా కోతులు చెట్టుమీదే ఉండేవి. ఆ పిలకాయలు వచ్చిపోయినప్పట్నుంచి ఇంట్లోకి వస్తావుండాయి. ఉట్టిమీద సంగటి ముద్ద కూడా ఉంచేదానికి లేదు."

పిల్లలు పెట్టిన బిస్కెట్ల వెల ఎవరు చెల్లించుచున్నారో చూచితిరా? ఆకులు కప్పిన ఇంటిలో, ఒక్క ముద్దను రెండు పూటలకు దాచుకొను ముసలమ్మ చెల్లించుచున్నది.

5. దూరదేశపు సాక్ష్యము

అమెరికా దేశమున 1872లో స్థాపింపబడిన యెల్లోస్టోన్ అను గొప్ప వనము కలదు. అక్కడి హోటళ్ళ ఎంగిలిని కుప్పలుగా పోయగా ఎలుగుబంట్లు వచ్చి తినుచుండెను. వాటిని చూచుటకు జనులకు బల్లలుకూడ వేసిరి. 1940లలో ఆ వేడుక నిలిచెను గాని కుప్పలు ఉండెను. 1970 నాటికి వాటినికూడ మూసివేసిరి. అప్పుడేమాయెను? ఎంగిలికి అలవాటుపడిన ఎలుగుబంట్లు యాత్రికుల డేరాలమీదికి వచ్చినవి. అనేకములను అధికారులే చంపవలసివచ్చెను. 1975లో అక్కడి పెద్ద జాతి ఎలుగుబంటి అపాయములోనున్న జంతువుల పట్టీలో చేర్చబడెను. పెట్టిన చేయి తరువాత తుపాకి పట్టవలసివచ్చెను.

మన పొరుగున కేరళలో ఇడుక్కి జిల్లాయందు ఒక ఏనుగు రేషను దుకాణములను, ఇండ్లను పగులగొట్టి బియ్యము తినుచుండెను. బియ్యమును మలయాళమున అరి యందురు గనుక దానికి అరికొంబన్ అని పేరు వచ్చెను. 2023 ఏప్రిల్ 29న దానిని పట్టి పెరియార్ అడవిలో విడిచిరి. నెల తిరుగక మునుపే అది తమిళనాడులోని కంబము పట్టణపు వీధులలోనికి వచ్చెను. జూన్ 5న మరల పట్టి మరింత దూరపు అడవికి చేర్చిరి. మృగమును ఒక అడవినుండి మరియొక అడవికి మార్చగలము గాని, దాని నాలుకకు అంటిన రుచిని మార్చుట సులభము కాదు.

6. మనము చేయవలసినవి

యెషయా 1:8లో దోసకాయల తోటలోని కావలి గుడిసె మాట వచ్చుచున్నది. మన రైతు మంచె అదియే. పంట పండించువాడు దానిని కాయవలెనని ఆ కాలమువారును ఎరుగుదురు. ఆదికాండము 40వ అధ్యాయములో భక్ష్యకారుని కలలో, తల మీది గంపలోని పిండివంటలను పక్షులు తినుచుండెను. పై గంపకు కాపు లేదు. కావున అడవి అంచునకు వెళ్ళు యౌవనస్థులారా, ఈ కాపును నేర్చుకొనుడి.

మొదటిది, అభయారణ్యములోనికి అటవీశాఖవారి అనుమతి లేక పోకూడదు. ఏనుగులు తిరుగు చోట రాత్రి బస అసలే వద్దు. పగటివేళ చూచి, ప్రొద్దు గూకక మునుపే మరలి రండి. ఆ రాత్రి వేళ మనది కాదు.

రెండవది, అనుమతియున్న చోట బస చేసినయెడల, వండు చోటు వేరుగా, పండుకొను చోటు వేరుగా ఉండవలెను. రెంటికి నూరు అడుగులకంటె ఎక్కువ దూరముండుట మేలు. డేరాలోపల తినుబండారము, పండు, బెల్లపు పొడి కూడ ఉంచరాదు.

మూడవది, మూట విప్పి పెట్టక మూతబిగువుగల రేకు డబ్బాలలో ఉంచి, తలుపులు మూసిన బండిలో పెట్టుడి. కొమ్మకు వ్రేలాడదీసినయెడల పంది అందుకొనలేదు గాని కోతి అందుకొనును. ఉట్టి పిల్లికే గాని కోతికి కాదు.

నాలుగవది, మెతుకులు, తొక్కలు, ఎముకలు, కాగితములు అన్నియు మూటకట్టి ఊరికి తిరిగి తెండి. పాతిపెట్టినను పంది త్రవ్వి తీయును. కుండలు కడిగిన నీళ్ళు డేరా దగ్గర పోయకుడి. సారాయి మన సంఘస్థులకు ఎక్కడనైనను తగదు. ఏనుగుల అడవిలో అది ప్రాణాపాయముకూడ.

అయిదవది, ఏ మృగమునకును చేతితో పెట్టకుడి. కోతి సంచి పట్టుకొన్నయెడల పెనుగులాడక వదలుడి. దాని కన్నులలోనికి చూడకుడి, పండ్లు చూపి నవ్వకుడి, అది దానిని పోరుగా ఎంచును. కరచినను రక్కినను సబ్బుతోను ధారాళమైన నీటితోను పావుగంట కడిగి, అదే దినము ఆసుపత్రికి పొండి.

ఆరవది, ఏనుగు వచ్చినయెడల కూడు పోనిండి. రాయి రువ్వకుడి, టార్చిలైటు దాని కన్నులలో వేయకుడి, ఫొటోకై నిలువకుడి. నిశ్శబ్దముగా దూరము తొలగి అటవీశాఖవారికి తెలుపుడి. బియ్యము మరల కొనవచ్చును, ప్రాణము కొనలేము.

ఇవన్నియు చిన్న సంగతులే అనవచ్చును. పరమగీతము 2:15లో ద్రాక్షతోటను చెరుపునవి గుంటనక్కలని, అవి చిన్నవేయైనను పట్టవలెనని యున్నది. మన అజాగ్రత్తయు అట్టి చిన్న నక్కయే. పొరుగువానిని ప్రేమించుట అనగా ఆదివారము అతని చేయి కలుపుట మాత్రమే కాదు. మనము ఎన్నడును చూడని, అడవి అంచున గుడిసెలో పండుకొన్న పొరుగువాని ఉట్టిని మన మెతుకులు దోచకుండ చూచుటకూడ ప్రేమయే. మూగజీవమును దాని విస్తరియొద్ద బ్రతుకనిచ్చుటయు ప్రేమయే.

ఇంటివారు కూడి ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఆదికాండము 1:29, 30 వచనములలోని రెండు విధములైన ఆహారములు ఏవి? మన ఊరిలో ఈ రెండును కలిసిపోవుచున్న చోట్లు ఏవి?

2. నిర్గమకాండము 23:11 ప్రకారము మృగములకు విడుచుటకును, వాటికి చేతితో పెట్టుటకును భేదమేమి?

3. మన సంఘపు వనభోజనము ముగిసిన తరువాత ఆ చోట మనము ఏమి విడిచి వచ్చుచున్నాము? దాని వెల ఎవరు చెల్లించుచున్నారు?

4. అడవి అంచున కావలి కాయు కుటుంబములు మన సంఘములో ఎన్ని? పంట పోయిన యేట వారికి మనము ఏమి చేయగలము?