వేసవిలో చేతిపని

పాఠ్యాంశ ఉద్దేశం

ఆటవస్తువును స్వయంగా చేసుకోవడంలోని ఆనందాన్నీ, అందులో దాగిన శాస్త్రాన్నీ, చేతివృత్తుల పట్ల ఉండవలసిన గౌరవాన్నీ విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. వేసవి సెలవుల్లో ఇంటిలోని చిన్నపిల్లలతో కలిసి చేయదగిన మూడు పనులు ఇందులో వివరించబడ్డాయి.

పాఠం

వేసవి సెలవులు వచ్చాయంటే ఇల్లంతా పిల్లలే. మేనత్త పిల్లలు, పినతల్లి పిల్లలు ఒకచోట చేరే కాలమది. పరీక్షలు ముగించుకొని ఇల్లు చేరిన ఇంటర్మీడియట్ విద్యార్థి వారందరికీ అన్నయ్య లేదా అక్కయ్య. మిట్టమధ్యాహ్నం ఎండలోకి వారిని పంపలేము. పొద్దస్తమానం తెర ముందు కూర్చోబెట్టడమూ మంచిది కాదు. ఆ నాలుగు గంటలను ఎట్లా గడపాలనే ప్రశ్నకు మన పెద్దలు ఏనాడో సమాధానం కనుగొన్నారు. వారు పిల్లల చేతులకు పని చెప్పారు.

ఆటబొమ్మ చరిత్ర అతి ప్రాచీనమైనది. హరప్పా, మొహెంజొదారో తవ్వకాలలో కాల్చిన మట్టితో చేసిన చిన్న చిన్న బండ్లు, పక్షి ఆకారంలో ఉన్న ఈలలు లభించాయి. ప్రాచీనులు పేర్కొన్న చతుష్షష్టి కళలలో సంగీత నృత్యాల సరసనే మాల్యగ్రథనం, పట్టికావేత్రవాన వికల్పం కూడా ఉన్నాయి. మొదటిది పూలమాలలు కట్టడం, రెండవది పేము మొదలైన వాటితో అల్లిక పని చేయడం. పాట పాడగలగడం ఎంతటి కళో, బుట్ట అల్లగలగడమూ అంతటి కళే అని పూర్వుల భావన.

సంస్కృత సాహిత్యంలో ఒక గొప్ప ప్రకరణానికి ఆటబొమ్మ పేరే పేరైంది. అది శూద్రకుని మృచ్ఛకటికం. మృత్తు అంటే మట్టి, శకటిక అంటే చిన్న బండి. చారుదత్తుని కుమారుడు రోహసేనుడు పొరుగింటి బాలుని బంగారు బండితో ఆడుకొంటాడు. ఆ బాలుడు తన బండిని తీసుకొనిపోగా, ఇంటి పరిచారిక రదనిక మట్టితో ఒక బండి చేసి ఇస్తుంది. రోహసేనుడు దానిని అంగీకరించక బంగారు బండే కావాలని ఏడుస్తాడు. అది చూచి కరిగిపోయిన వసంతసేన, బంగారు బండి చేయించుకొమ్మని తన ఆభరణాలను తీసి ఆ మట్టిబండిలో నింపుతుంది. ఆ నగలే తరువాత న్యాయస్థానంలో చారుదత్తునికి ప్రాణసంకటంగా పరిణమిస్తాయి. ఈ ఘట్టంలో గమనించదగిన అంశం ఒకటి ఉన్నది. ఆ మట్టిబండిని చేసినది రదనిక. రోహసేనుడు మట్టి తొక్కలేదు, చక్రం తిప్పలేదు. ఇచ్చిన బొమ్మను పిల్లవాడు పక్కింటి బొమ్మతో పోల్చి చూస్తాడు. తాను చేసుకొన్న బొమ్మను అంత సులభంగా కాదనలేడు, ఎందుకంటే అందులో అతని శ్రమ ఉన్నది.

ఇక మన వేసవి కానుకలను పరిశీలిద్దాం. మొదటిది ముంజెల బండి. కత్తితో లేత తాటికాయ పైభాగం చెక్కితే సాధారణంగా మూడు కన్నులు కనిపిస్తాయి. ముంజెలు తిన్న తరువాత మిగిలిన కాయలలో సమానమైన పరిమాణం గలవి రెండు ఎన్నుకోవాలి. జానెడు పొడవున్న గట్టి పుల్లను రెండు కొసలా చెక్కి, రెండు కాయల నడిమి భాగాలలోనికి బిగువుగా దిగవేయాలి. అదే ఇరుసు. పొడవైన పంగలకర్రను తీసుకొని, దాని పంగను ఇరుసు మీద ఆనించి ముందుకు నెట్టితే బండి పరుగెత్తుతుంది. కాయలలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే బండి తిన్నగా పోక చిన్న కాయ వైపునకు తిరిగిపోతుంది. అలా ఎందుకు జరిగిందని పిల్లలను అడగండి. వెంటనే జవాబు చెప్పకండి. వారు కాయలు మార్చి చూచి, తమంతట తామే కారణం తెలుసుకొంటారు. భౌతికశాస్త్రంలో మీరు చదువుకొన్న భ్రమణం, ఘర్షణ అనే మాటలకు అక్కడ రూపం కనిపిస్తుంది.

రెండవది కొబ్బరాకు బూర. పచ్చని కొబ్బరి రెబ్బ నుండి ఈనెను తీసివేసి, ఆకును సన్నని కొస నుండి ఏటవాలుగా చుట్టుకొంటూ పోవాలి. ప్రతి చుట్టూ ముందరి చుట్టు మీదికి కొంత ఎక్కాలి. చివర విచ్చుకొన్న భాగం ఊడిపోకుండా ఈనె ముక్కను గుచ్చాలి. సన్నని మొదట్లో చిన్న ఆకు ముక్కను రెండుగా మడిచి నాలుకలవలె అమర్చి, కొద్దిగా నొక్కి ఊదితే బూర మోగుతుంది. ఊదిన గాలికి ఆ రెండు నాలుకలు కంపించడమే ధ్వనికి మూలం. పెళ్ళిపందిట్లో మనం వినే నాదస్వరం పీకలో ఉన్నదీ ఇటువంటి జంట నాలుకే. బూర పొడవు తగ్గిస్తే స్వరం హెచ్చుతుంది. ఒకే ఆకుతో మూడు పొడవుల బూరలు చేసి ఊదించినచో పిల్లలకు శ్రుతిభేదం వివరించి చెప్పవలసిన అవసరమే ఉండదు.

మూడవది కాగితపు గుజ్జు బుట్ట. దీనికి కొన్ని రోజుల ఓపిక కావాలి. పాత వార్తాపత్రికలను చిన్న ముక్కలుగా చింపి, రెండు మూడు రోజులు నీళ్ళలో నానబెట్టి, రోజూ నీరు మార్చాలి. గుప్పెడు మెంతులను ఒక రాత్రి నానవేసి మెత్తగా రుబ్బి, నీరు పిండిన కాగితంతో కలిపి రోటిలో దంచాలి. బోర్లించిన గిన్నె మీద తడిగుడ్డ పరచి, గుజ్జును అన్ని వైపులా ఒకే మందంగా అద్దాలి. మొదట నీడన, తరువాత ఎండలో ఆరబెట్టాలి. తొందరపడి నేరుగా ఎండలో పెడితే పైభాగం ముందుగా ఆరి బీటలు వారుతుంది. ఆరిన బుట్టను గిన్నె నుండి విడదీసి, చింతగింజల పిండిని ఉడికించిన జిగురును పూసి, పైన ముగ్గులు దిద్దవచ్చు. మెంతుల జిగురు కాగితాన్ని పట్టి ఉంచుతుంది. వాటి చేదు వల్ల పురుగు చేరదని మన ఇళ్ళలోని పెద్దల నమ్మకం. ఒకనాడు వెదురు చేటలకు సైతం ఇటువంటి గుజ్జుతోనే పూత వేసేవారు.

ఈ చింతగింజల జిగురు ఇంటి వంటకానికి పరిమితమైనది కాదు. కొండపల్లి బొమ్మల కళాకారులు తెల్లపొణికి కర్రతో అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో వాటిని అతుకుతారు. వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూ లక్కను అద్దుతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకొంటుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడ సహజమైన రంగుల వినియోగానికి కృషి చేసిన సి.వి.రాజును 2023లో పద్మశ్రీ పురస్కారం వరించింది. వ్యర్థ వస్తువులతో ఆటబొమ్మలు చేయించి పిల్లలకు విజ్ఞానశాస్త్రం నేర్పిన అరవింద్ గుప్తాకు 2018లో అదే పురస్కారం దక్కింది.

చేతిపనిని చదువుకు వెలుపలి విషయంగా భావించరాదని గాంధీజీ బోధించారు. 1937లో వార్ధాలో జరిగిన విద్యా సమావేశంలో ఆయన ప్రతిపాదించిన నయీ తాలీం పద్ధతికి చేతిపనే కేంద్రం. అయినప్పటికీ కలం పట్టిన చేయి ఎక్కువ, కత్తి పట్టిన చేయి తక్కువ అనే భేదభావం మన సమాజంలో పూర్తిగా తొలగిపోలేదు. కుమ్మరి చేసిన కుండలో నీళ్ళు తాగుతూ, మేదరి అల్లిన చేటలో బియ్యం చెరుగుతూ, ఆ చేతులకు మాత్రం తగిన గౌరవం ఇవ్వని వైఖరి తరతరాలుగా సాగింది. ఒక బుట్ట చేయడానికి ఐదు రోజులు పట్టిందని స్వానుభవంతో తెలిసిన బాలుడు, రేపు సంతలో బుట్టలమ్మే అవ్వ ముందు నిలిచినప్పుడు పది రూపాయల కోసం గీచి గీచి బేరమాడడు. వస్తువు ధరలో శ్రమ విలువ ఎంతో అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు.

వస్తువుతో పాటు మాట కూడా నశిస్తుంది. పంగలకర్ర, ఇరుసు, ఈనె, తరిమెన, పొణికి వంటి మాటలు నిఘంటువు పుటలలో మిగిలితే సరిపోదు. వాటిని పలికే నోరు, వాటిని పట్టుకొనే చేయి ఉండాలి. పద్యంలోని పదానికి అర్థం చెప్పవచ్చును గాని, బిగువుగా దిగిన ఇరుసు ఎట్లా ఉంటుందో చేతితో పట్టి చూడవలసిందే.

పిల్లలతో ఈ పనులు చేయించేటప్పుడు పెద్దవారు రెండు నియమాలు పాటించాలి. కత్తి, నిప్పు మీ చేతిలోనే ఉండాలి. తక్కినదంతా పిల్లల చేతికి వదలిపెట్టాలి. వంకరగా వచ్చిన బుట్టను లాక్కొని సరిచేయకూడదు. సరిచేసిన మరుక్షణం ఆ బుట్ట మీదవుతుంది, పిల్లవానిది కాదు. ఈ వేసవిలో మీ ఇంటి గూట్లో వంకర బుట్ట ఒకటి ఉంటే, అది మీరు నేర్పిన పాఠం చక్కగా సాగిందనడానికి నిదర్శనం.

కఠిన పదాలు – అర్థాలు

ప్రకరణం : దశరూపకాలలో ఒకటి, కల్పిత ఇతివృత్తం గల రూపకం
చతుష్షష్టి : అరవై నాలుగు
ఇరుసు : రెండు చక్రాలను కలిపే కడ్డీ
పంగలకర్ర : రెండు కొమ్మలుగా చీలిన కర్ర
తరిమెన : కర్రను తిప్పుతూ నునుపు చేసే సాధనం

ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ముంజెల బండి, కొబ్బరాకు బూర తయారీలోని శాస్త్ర విషయాలను వివరించండి.
2. చేతిపని శ్రమగౌరవాన్ని ఎట్లా నేర్పుతుందో పాఠం ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు నాలుగు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. రోహసేనుడు మట్టిబండిని ఎందుకు అంగీకరించలేదు?
2. కాగితపు గుజ్జు బుట్టను మొదట నీడన ఎందుకు ఆరబెట్టాలి?

III. మీ ఊరిలో ఒక చేతివృత్తి కళాకారుణ్ణి కలిసి, ఆ వృత్తికి సంబంధించిన పది పదాలను సేకరించి అర్థాలు రాయండి.